తలుపు అవతలి వంట

"ఉప్పెంతెయ్యాలె?"

తలుపు అవతలి నుంచి విజయేంద్ర అడిగాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ మాట ఆ గొంతులో వినడం ప్రతిమకి అదే మొదలు. "ఉప్పు తక్కువైంది" అని విన్నది. "ఎక్కువైనట్టుంది, చూసుకోలేదా" అనీ విన్నది. "మా వాడికి ఉప్పు జర ముందుండాలె" అని అత్తగారు ఫోనులోంచి చెప్పడమూ విన్నది. ఎంత వేయాలన్నది మాత్రం ఎప్పుడూ ఆమె వేళ్లకే తెలిసిన సంగతి. మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

"కాయితం మీద రాసిన గదా విజయ్. ఒకటిన్నర చెంచ."

"ఏ చెంచ? ఈ సొరుగుల నాలుగు తీర్ల చెంచలున్నయి."

"చాయ్‌ల చక్కెర కలుపుకుంటవు చూడు, అది."

"నేనెక్కడ కలుపుకుంట? నువ్వే కలిపిస్తవు గదా," అని ఒక్క క్షణం ఆగి, తన మాట తనకే వినిపించినట్టు చిన్నగా నవ్వాడు. తలుపుకి ఇవతల ప్రతిమ కూడా నవ్వింది, వినపడకుండా. వంటింట్లో తొమ్మిదేళ్ల శ్రావ్య సొరుగు మొత్తం లాగి చెంచాలన్నీ గలగలమని బల్ల మీద పోసిన చప్పుడు వినిపించింది.

ఆ గదిలో ఆమెకి అది పదో రోజు. 2020 నవంబరు. జర్మనీలో, స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ రైల్లో అరగంట దూరంలో ఉన్న ఊళ్లో, మూడో అంతస్తు ఫ్లాటు వాళ్లది. మార్చిలో ఇద్దరి ఆఫీసులూ ఇంటికే వచ్చినప్పుడు పడకగదిలో కిటికీ పక్కన కొత్త బల్ల, కొత్త కుర్చీ వేయించుకున్నాడు విజయేంద్ర. "నాకు పొద్దందాక కాల్సుంటయి. నీది పార్ట్ టైమే గదా, ఎక్కడ్నన్న సర్దుకో," అన్నాడు. కోపంగా కాదు, ఎండొస్తోంది కిటికీ తెర వేయమన్నంత మామూలుగా. ఆమె వంటింటి బల్ల మూల సర్దుకుంది. కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించడం ఆమె పని. ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు ల్యాప్‌టాప్ ఫ్రిజ్ మీదికి, తరగడం అయ్యాక మళ్లీ బల్ల మీదికి. ఒకసారి మీటింగులో ఆమె మాట్లాడుతుండగానే కుక్కర్ కూత పెట్టింది. "ప్రతిమా, నువ్వు ఏ స్టేషన్‌లో ఉన్నావు? ఏ ప్లాట్‌ఫామ్?" అన్నాడొక సహోద్యోగి. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా తనే నవ్వింది.

కరోనా పరీక్షలో పాజిటివ్ అని తేలిన రోజు ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి ఫ్రౌ క్లైన్ అనే ఆవిడ ఫోన్ చేసి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీరు ఒక్కరే ఉండటానికి తలుపున్న గది ఏదైనా ఉందా?" అని. "ఉంది. మావారి ఆఫీసు," అంది ప్రతిమ. పావుగంటలో విజయేంద్ర తన ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు, వైర్లూ చంకన పెట్టుకుని వంటింటి మూలకి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలుగా అడగాలా వద్దా అని తను నోట్లోనే నమిలి మింగిన మాట, ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒక్క ఫోనుతో జరిపించేసింది.

నాలుగు రోజులు జ్వరం. రెండో రోజే వాసన పోయింది. వెల్లుల్లి చిదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నా, జండూబామ్ రాసుకున్నా గాలే తప్ప ఏమీ లేదు. జ్వరం తగ్గాక ఆరో రోజు కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. తొమ్మిదింటికి తల దించితే పన్నెండున్నరకి ఎత్తింది. మధ్యలో ఎవరూ "అమ్మా" అనలేదు, ఎవరూ "ఏమే" అనలేదు, పొయ్యి మీద ఏదీ పొంగలేదు. ఆలోచన ఒకటి మొదలైతే దాని చివరిదాకా అదే వెళ్లింది, దారిలో దిగి పాలు దించి మళ్లీ ఎక్కాల్సిన అవసరం లేకుండా. మూడు వారాలుగా ఆమె జట్టంతా వెతుకుతున్న తప్పు ఆ పూటే దొరికింది. ఒళ్లు జల్లుమంది. తనకి తెలివి తక్కువని కాదన్నమాట, తలుపు తక్కువైందన్నమాట!

బయట వాళ్లిద్దరూ బ్రెడ్డూ, పిజ్జాలూ, సగం ఉడికిన కిచిడీతో రోజులు నెట్టారు. రోజుకొకసారి హనుమకొండ నుంచి అత్తగారు శారదాదేవి వీడియో కాల్ చేసేవారు. "నా కొడుకు మొఖం పీక్కపోయింది," అని మొన్న కళ్లొత్తుకున్నారు. తర్వాత ప్రతిమతో, "నీకేంది బిడ్డా, తిని పండుకునుడే గద," అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది కానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచిస్తే దాని అడుగున ఇంకేదో వినిపించింది ప్రతిమకి. నలభై ఐదేళ్లుగా అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిన్న మనిషి, ఒక్కనాడైనా తిని పడుకునే యోగం తనకి పట్టలేదని అంటున్నట్టు.

ఇవాళ మధ్యాహ్నం మేనేజరు హెర్ ఫోగెల్ ఫోన్ చేశాడు. రెండేళ్ల కిందట ఫుల్ టైమ్ ఇమ్మని అడిగితే, "ఇంట్లో చిన్నపాప ఉంది కదా, మీకు ఇదే సౌకర్యం," అని ఎంతో దయగా చెప్పిన మనిషే. "ఈ వారం మీ రిపోర్టులు చూశాను. జనవరిలో మన టీమ్ లీడ్ వెళ్లిపోతున్నాడు. ఐదుగురు మనుషులు, పూర్తి సమయం. మీరు చేస్తారా? రేపు పొద్దున్నకల్లా చెప్పండి," అన్నాడు. ఆ తర్వాత, "ఇంట్లో మాట్లాడుకోండి," అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట అతను అనకపోతే తనే అనేదని ఆమెకి తెలుసు. ఫోన్ పెట్టేసి గదిలో నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ నడిచింది. కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అప్పుడే కింది అంతస్తు దెస్పినా మెట్ల మీద సంచీ పెట్టి ఫోన్ చేసింది. అరవై ఏళ్లుంటాయి. తండ్రి ఎప్పుడో గ్రీసు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి వచ్చిన మనిషి. వీళ్లు బయటికి వెళ్లకూడదు కనుక ఈ పది రోజులూ సరుకులన్నీ ఆమే తెచ్చి పెడుతోంది. "ఎముకల్లేని కోడి తొడ ముక్కలు, గట్టి పెరుగు, దోసకాయ, రొట్టెలు పెట్టాను. మీ ఆయన చేతనే చేయించు. మా అమ్మమ్మ చూస్తే ఇది గ్రీకు వంటే కాదంటుంది. కానీ పనైపోయి వచ్చిన సాయంత్రం ముప్పై నిమిషాల్లో అయిపోతుంది," అని ఎలా చేయాలో చెప్పింది. ప్రతిమ రాసుకుని, ప్రతి దానికీ కొలత వేసింది. కొద్దిగా, సరిపడా, చూసుకుని అన్న మాటలు ఒక్కటీ లేకుండా. ఆ కాగితం తలుపు కింద నుంచి తోసింది.

"నేనా?" అన్నాడు విజయేంద్ర అవతల.

"నువ్వే."

"నిష్ట్ షోన్ వీడర్ బ్రోట్, పాపా!" మళ్లీ బ్రెడ్డు వద్దు నాన్నా అని శ్రావ్య జర్మన్‌లో మొత్తుకోవడంతో అతనికి వేరే దారి లేకపోయింది.

ఉప్పూ, ఎర్ర మిరప్పొడీ, నిమ్మరసం, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండు ఒరెగానో పట్టించి ముక్కలు పక్కన పెట్టారు. నాలుగింటికి ఫ్రౌ క్లైన్ ఫోన్ వచ్చింది. రోజూ అడిగేవే అడిగింది. జ్వరం ఉందా, ఆయాసం ఉందా, నిద్ర పట్టిందా. ఈ పది రోజుల్లోనే కాదు, ఈ పన్నెండేళ్లలో ఇంత క్రమం తప్పకుండా ఎలా ఉన్నావని తనని అడిగింది ఈవిడే. "ఇంట్లో మిగతావాళ్లు ఇంకో నాలుగు రోజులు గడప దాటకూడదు. మీ గడువు మాత్రం అయిపోయింది. ఇప్పుడే తలుపు తీసుకోవచ్చు," అంది ఆవిడ.

ప్రతిమ వెంటనే వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వేసి ఆగిపోయింది.

ఇప్పుడు తీస్తే ఏమవుతుందో ఆమెకి కళ్లకి కట్టినట్టు కనిపించింది. శ్రావ్య పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేస్తుంది. విజయేంద్ర "హమ్మయ్య" అంటాడు. ఆ హమ్మయ్యతోనే చేతిలో కత్తి బల్ల మీద పెట్టేస్తాడు. ఆ కత్తి ఆమె చేతిలోకి వస్తుంది. అతను ఇవ్వక్కర్లేదు, ఆమే అందుకుంటుంది. దోసకాయ అలా కాదు, తురిమి నీళ్లు పిండాలి, ఇటివ్వు అంటుంది. రెండు నిమిషాల్లో పొయ్యి దగ్గర తనుంటుంది, ఈ గదిలో అతనుంటాడు. రేపు పొద్దున హెర్ ఫోగెల్‌కి చెప్పే జవాబు ఆ రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది. అతన్ని తిట్టుకుని లాభం లేదు. తన చేతులనే ఆమె నమ్మలేదు. పిడి మీద నుంచి చెయ్యి తీసి, తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. ఇది దొంగతనమా? అబద్ధమా? గుండె టపటపా కొట్టుకుంటోంది, చిన్నప్పుడు దాగుడుమూతల్లో ధాన్యం బస్తాల వెనక నక్కి కూర్చున్నప్పటిలా. నవ్వు ఆగడం లేదు.

ఐదున్నరకి పెనం పెట్టారు. సుయ్‌మని రావాలి. రాలేదు. బుడబుడమంటోంది. ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరించాడు, నీళ్లూరిపోతోంది! ఆమె సగం లేచింది. నోటి చివరిదాకా వచ్చిన మాటని పెదవి కొరికి ఆపుకుంది.

"గీ నీళ్లేంది? నేను పొయ్యనేలేదు!" అని విజయేంద్ర కంగారు.

"త్సు ఫీల్, పాపా! చాలా ఎక్కువేశావ్. కాయితం మీద అమ్మ రాసింది చూడు, సగం సగం అని."

"మరి ముందుగాల చెప్పవా బిడ్డా!"

"నువ్వు చదవాలె గదా!"

గిన్నెల చప్పుడు. సగం తీశారు. మంట పెంచారు. కాసేపటికి సుయ్‌మన్న మోత మొదలైంది, వాన పెంకుల మీద పడ్డట్టు. ప్రతిమ గడ్డం మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. అలా ఎంతసేపుందో, తలుపు కింది సందులోంచి ఏదో వచ్చి ముక్కుకి తగిలింది. ముందు నమ్మలేదు. మళ్లీ పీల్చింది. వామాకు నలిపితే వచ్చే ఘాటు. ఆ వెనక కాలిన వెల్లుల్లి. ఆ వెనక నిమ్మకాయ, కోడి కొవ్వు, కొంచెం మాడు. ఒక్కొక్కటీ వేరువేరుగా, పేరు పెట్టి పిలిచినట్టు వచ్చాయి. నేలకి వంగి తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి పీల్చింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నోట్లో నీళ్లూరుతున్నాయి, రెండూ ఒకేసారి. తన ఇంటి వంటింట్లోంచి తను వండని కూడు వాసన! ఇన్నేళ్లూ వాసన అంటే మూత తీసి చూసి అడుగంటిందా లేదా తేల్చే పనిముట్టు. ఇవాళ అది ఉత్త ఆకలి. తనకీ ఇంత ఆకలి ఉందా?

ఆరుంబావుకి తలుపు మీద మునివేళ్లతో కొట్టిన చప్పుడైంది. "ప్లేట్ పెట్టిన. నేను దూరం జరుగుతున్న, తీసుకో," అన్నాడు విజయేంద్ర.

ఆమె తలుపు తీసింది. నేల మీద ప్లేట్ అందుకుని, గదిలోకి కాకుండా నేరుగా వంటింటి బల్ల దగ్గరికి నడిచింది. అతను మాస్కు సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏయ్, ఏం జేస్తున్నవ్?"

"అయిపోయింది. నా గడువు తీరింది. ఫ్రౌ క్లైన్ ఫోన్ చేసింది."

శ్రావ్య కేక పెట్టి వచ్చి నడుం చుట్టేసింది. దాని జుట్టు వాసన కూడా తెలిసింది. బల్ల మీద పెరుగూ దోసకాయా కలిపిన గిన్నె, అడ్డదిడ్డంగా కోసిన టమాటాలు, ఎర్ర ఉల్లిగడ్డ, తెల్ల చీజ్ ముక్కలు, అక్కడక్కడా నల్లబడ్డ కోడి. పొయ్యి చుట్టూ నూనె చిందింది. ఆమె అటు చూసి, కావాలని చూపు తిప్పుకుని కుర్చీలో కూర్చుంది. ముగ్గురూ కలిసి, ఎవరి రొట్టె వాళ్లు చుట్టుకుని తిన్నారు. ఎవరికీ ఎవరూ లేచి వడ్డించలేదు. ఆమె రొట్టెలోంచి పెరుగు కారి మోచేతి దాకా వచ్చింది. నాకేసింది.

"ఎట్లుంది?" అన్నాడు విజయేంద్ర, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా.

"వాసనొస్తుంది విజయ్. అన్నీ వాసనొస్తున్నయి. మస్తుంది."

అతని మొహం చాటంతయింది. రెండోది చుట్టుకుంటూ, "ఎప్పుడు చేసింది ఫోను?" అని అడిగాడు.

"నాలుగింటికి."

అతని చెయ్యి ఆగిపోయింది. "నాలుగింటికా? మేమిక్కడ కిందా మీదా పడుతుంటే రెండు గంటలు లోపలనే కూసున్నవా? ఎందుకు రాలే?"

"వస్తే నువ్వు వండేటోడివి కాదు."

అతను ఏదో అనబోయి, కూతురి వైపు చూశాడు. శ్రావ్య నోటి నిండా కుక్కుకుని, అవునన్నట్టు తల ఊపింది. విజయేంద్ర చుట్టిన రొట్టె విప్పి, ముక్కలు సర్ది, మళ్లీ చుట్టాడు. కోపం వచ్చి, పోయి, దాని చోట ఇంకేదో వచ్చినట్టుంది. ఆమె అతనికి తీరిక ఇచ్చింది. తర్వాత వేళ్లు తుడుచుకుని, హెర్ ఫోగెల్ చెప్పిందంతా చెప్పింది. ఐదుగురు మనుషులు, పూర్తి సమయం, జనవరి. అడుగుతున్నట్టు కాకుండా, జరిగింది చెబుతున్నట్టు చెప్పింది. కాళ్లు మాత్రం బల్ల కింద ఊగుతూనే ఉన్నాయి.

"సరేనని రేపు పొద్దున చెప్తున్న," అంది.

"మంచిదే," అన్నాడు అతను నెమ్మదిగా. చుట్టూ చూశాడు, సింకులో గిన్నెల వైపు, నూనె చిందిన పొయ్యి వైపు, కాగితం మీద ఆమె రాసిచ్చిన కొలతల వైపు. "మంచిదే గానీ ప్రతిమా, మరి ఇల్లెట్ల నడుస్తది?"

ప్రతిమ ఇంకో రొట్టె తీసుకుని, పెరుగు పూసి, ముక్కలు పేర్చి, తీరిగ్గా చుట్టుకుంది.

"ఇయ్యాల నడిచినట్టే," అంది.