మెత్తటి నేల

మా ఆయనకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. అయినా పిల్లలకి జిమ్నాస్టిక్స్ నేర్పడం మానలేదు. పాడుబడ్డ నూలుమిల్లు మేడమీద, చెక్కనేల దడదడలాడుతుండగా పిల్లలు దూకే బల్లవైపు పరిగెత్తేవాళ్ళు. ఈయన గోడవార కుర్చీలో కూర్చుని, "ఒసేయ్ పొట్టీ, ఎడమకాలు బద్ధకిస్తోంది! నిద్ర చాల్లేదా?" అని కేకేసేవారు. పొట్టి నాలుక కరుచుకునేది. కొత్తవాళ్ళెవరైనా నోరెళ్ళబెడితే, "నాకు కనిపిస్తుందండీ," అనేవారు. చెప్పీ చెప్పీ చివరికి అదే నిజమనుకున్నారు. నేనూ అనుకున్నాను, నా మొహం!

మిల్లు కూలగొడతారన్నప్పుడు ఇద్దరం కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాం. పాతకాలపు కట్టడం, పడగొట్టకూడదని చివరికి తేల్చారు. దాన్ని మా జిమ్నాస్టిక్స్ క్లబ్బుకే ఇచ్చి, కింద పేటవాళ్ళు చదువుకునే గది, పెద్దవాళ్ళు వ్యాయామం చేసుకునే గది, పైన మాకు శిక్షణ హాలు కట్టిస్తామన్నారు. ఈయన సంబరం చూడాలి! మా పెళ్ళప్పుడు కూడా అంత సంబరపడలేదు మహానుభావుడు.

పని మొదలుపెట్టే ముందు ఇంజనీరమ్మ ఇంటికొచ్చింది.

"మాస్టారూ, చెక్కనేల పాతదే కానీ గట్టిగా ఉంది. బాగుచేసి అలాగే ఉంచమంటారా?"

"వద్దమ్మా! పిల్లల మోకాళ్ళు అరిగిపోతున్నాయి. మెత్తటిది పరిపించు. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. ఆ దడదడలకి కింద చదువుకునేవాళ్ళ చెవులు చిల్లులు పడతాయి కూడానూ."

నేను టీ పోస్తూ, నిజమేనని తలూపాను.

హాలు తెరిచిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. ఆయన కుర్చీ ఎప్పట్లాగే గోడవార వేశారు. కిటికీలకి కొత్త అద్దాలు, నేలంతా నీలిరంగు పరుపు. నడుస్తుంటే నా అడుగు నాకే వినపడలేదు. అప్పుడైనా నా బుర్రకి తట్టిందా? లేదు.

ముందుగా పొట్టి పరిగెత్తింది. ఈయన మెడ చాచి, "ఇంకా మొదలెట్టరేమే?" అని నన్నడిగారు. అప్పటికే అది సగం దూరం వచ్చేసింది. అప్పుడు తట్టింది నా బుర్రకి.

"వస్తోందండీ... వచ్చేసింది," అన్నాను.

పొట్టి ఎగిరింది. బల్లమీద చెయ్యి జారి, అవతల పక్కకి పడింది. పడ్డ చప్పుడు లేదు. బల్లకి చేతులు తగిలిన చప్పుడొక్కటే ఆయనకి అందింది.

"శభాష్!" అంటూ చప్పట్లు కొట్టారు.

ఇంకెవరూ కొట్టలేదు. ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పొట్టి మోచెయ్యి పట్టుకుని లేచి, ఆయన దగ్గరికి వచ్చింది.

"బాగా దూకాను కదా మాస్టారూ!" అంది, గొంతు వణక్కుండా. బంగారుతల్లి.

ఆయన దాని చెంప తడిమారు. ఏడుస్తోందని చేతికి తెలిసే ఉంటుంది.

"బాగా దూకావమ్మా," అన్నారు.

ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఎవర్ని తిట్టిపోయను? ఎవరూ చెడు తలపెట్టలేదు. చేసిందంతా పిల్లల మంచికే. అదే నా కడుపుమంట. నేను తాళం తీస్తుంటే వెనకనించి అన్నారు:

"ఇన్నేళ్ళలో ఏ పిల్లా నాతో అబద్ధమాడలేదే. ఆడాల్సిన అవసరం పడలేదు. రోజూ వాళ్ళచేత అబద్ధమాడించలేను. వేరే మాస్టార్ని చూసుకోమని క్లబ్బువాళ్ళకి చెప్పు."