పదిహేడు నిమిషాలు

గడ్డి తడి. లంగా తడి. మూడు రోజులుగా ఇదే గడ్డి, ఇదే తడి.

పదిహేడు నిమిషాల విమాన ప్రయాణానికి మూడు రోజులు రన్‌వే పక్కన కూర్చోవడమేంటో — ఓర్పాకి ఒళ్ళు మండుతోంది.

పాపువా కొండల్లో కిర్‌మోక్ నుంచి దాబిల్‌కి గాల్లో నలభై ఎనిమిది కిలోమీటర్లు. పదిహేడు నిమిషాలు.

నడిస్తే ఐదు రోజులు.

మధ్యలో ఉన్నది ఒకటే కొండ... దానికి మనుషులంటే గిట్టదు.

పొద్దున కాసేపు మంచు విడుతుంది. పది దాటితే మూసుకుంటుంది. ఆదివారం విమానం ఎగరదు. ఇవాళ శనివారం.

రేపు దాబిల్ చర్చిలో మనవరాలికి బాప్తిస్మం. పాపని ఎత్తుకుని నిలబడేది నానమ్మేనని ఓర్పా. అమ్మమ్మేనని డోల్ఫీనా.

పాప ఒక్కతే.

వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ప్రేమతో కాదు — అవతలిది ముందు ఎక్కేస్తుందేమోనని.

"మేం గాజు డిన్నర్ సెట్టు పెడుతున్నాం వదినా. మీ వైపు ఇలాంటివి చూసుండరులే."

"మాది రైస్ కుక్కర్ వదినా. కరెంటుది."

దాబిల్‌లో కరెంటు లేదు. వస్తోందని పద్నాలుగేళ్ళుగా అంటున్నారు.

డోల్ఫీనా మొహం కడుక్కోవడానికి వాగుకి వెళ్ళింది. ఆమె వల సంచీలోకి, కుక్కర్ కిందకి, ఓర్పా ఐదు కిలోల చిలగడదుంపలు తోసేసింది. ఊదా రంగువి. తన తోటవి. ఇక్కడ మనిషినీ సంచీనీ కలిపి తూస్తారు. బరువు మించితే మనిషి ఆగిపోతుంది.

తర్వాత తనూ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

అదే తప్పు.

విమానం దిగింది. నఫ్తాలి కాటా తెచ్చాడు. టికెట్లూ, కాటా, రేడియో... అన్నీ అతనే.

"మీ ఇద్దరికీ కలిపి విమానంలో నూట యాభై కిలోలకే చోటుందమ్మా. నూట యాభై ఎనిమిది చూపిస్తోంది."

ఎనిమిదా? తను తోసింది ఐదే.

ఓర్పా తన సంచీని తడిమింది. వల కన్నాల్లోంచి వేలికి తగిలింది — చిలగడదుంప. తెల్లది. డోల్ఫీనా తోటది.

డోల్ఫీనా కూడా తన సంచీని తడిమింది.

ఇద్దరూ కొండవైపు చూశారు.

"సంచులు విప్పి ఏదైనా తీసెయ్యండమ్మా."

"నేను విప్పను," ఓర్పా అంది.

"నేనేం విప్పుతాను?" డోల్ఫీనా అంది.

"పోనీ, ఒకరు ఆగండి."

"ఆవిడ ఆగుతుంది."

"ఆవిడే ఆగుతుంది."

పైలట్ వాచీ చూశాడు. కొండ అంచున తెల్లగా కదిలింది... మళ్ళీ కదిలింది.

పదికి ఐదు నిమిషాలుండగా విమానం ఎగిరింది. వాళ్ళిద్దరి చోట్లో మూడు బస్తాల పంచదార వెళ్ళింది. దానికి బంధువులు లేరు. గొడవ లేకుండా ఎక్కింది.

పదిహేడు నిమిషాలయ్యాక రేడియో గరగరలాడింది. ఓర్పా కొడుకు.

"పంచదార వచ్చింది. అమ్మేదీ? అత్తయ్యేదీ? పాపని రేపు ఎవరెత్తుకుంటారు? పాస్టరుగారి భార్య ఎత్తుకుంటానంటోంది!"

పాస్టరుగారి భార్య! ఇద్దరూ ఒకేసారి రేడియో దగ్గరికి జరిగారు.

"వారం వాయిదా వెయ్యాలంటే కారణం చెప్పమంటున్నారు. ఎందుకు ఆగిపోయారు?"

నఫ్తాలి మీట నొక్కి పట్టుకుని, మైకు ఇద్దరి మధ్యా పెట్టాడు. "చెప్పండమ్మా."

ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ దుంపలే ముందు బయటపడతాయి. తెరవకపోతే పాప పరాయి చేతుల్లోకి.

అయ్యా, అమ్మా... మీకూ వియ్యపురాళ్ళు ఉండే ఉంటారు. ఓర్పా ఏం చెప్పాలి? త్వరగా చెప్పండి, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను —

నఫ్తాలి మీట నొక్కే ఉంచాడు. ఆ కొండల్లో రేడియో ఉన్న ప్రతి ఊరూ వింటోంది.