కన్నాల్లేని గుండీలు

కొలతల విషయంలో నాతో పెట్టుకోకండి. టేపు తీయకుండానే మనిషి నడుము ఎంతో అంగుళం తేడా లేకుండా చెప్పేస్తాను. ముప్పయ్యేళ్ళుగా ఇదే వీధిలో కుట్టు మిషను తొక్కుతున్నాను, ఆ మాత్రం పొగరు ఉండాలి. అలాంటి నేను ఏడాదిన్నరగా సొంత చెల్లెలి దగ్గర దొంగపని చేస్తూ వచ్చాను.

దాన్ని చిన్నప్పటి నుంచీ అందరూ పుల్ల అనేవాళ్ళు. అంత సన్నం. రెండేళ్ళ కిందట దాని మనసు చెదిరింది. ఎవరో తరుముతున్నారంటూ చెప్పుల్లేకుండా పెద్ద రోడ్డు మధ్యకి పరుగెత్తింది. లారీ డ్రైవరు ప్రాణం పెట్టి బ్రేకు వేయబట్టి బతికింది. ఆ తర్వాత ఆస్పత్రి, రోజుకొక తెల్ల మాత్ర. చెవిలో గొంతులు ఆగిపోయాయి. నిద్ర వచ్చింది. దుకాణంలో నా పక్కన కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. వాటితోపాటు ఆకలీ వచ్చింది. కంచం కడగకముందే మళ్ళీ ఆకలనేది.

"ఈ మందుతో కొందరు లావవుతారు. నెలనెలా తీసుకొస్తే బరువు చూద్దాం," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను తీసుకెళ్ళలేదు. బరువు సంగతి తెలిస్తే మాత్ర మానేస్తుందని నా భయం. ఏదో ఒక సాకు చెప్పి ఒక్కదాన్నే వెళ్ళి మందులు తెచ్చేదాన్ని. ఉతికి ఆరేసిన దాని డ్రెస్సులు తెచ్చి, పక్క కుట్లు విప్పి, అరంగుళం వదులు చేసి మళ్ళీ కుట్టేదాన్ని. కుట్టు లోపల వదిలిన గుడ్డ అయిపోతే చంక కింద అతుకు వేశాను. "నీ కొలతేం మారలేదే," అని పైగా ఒక మాట.

ఈ రోజు మధ్యాహ్నం స్కూలు చొక్కాలకి గుండీలు కుడుతున్నాను. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక తెల్ల గుండీ తీశాను. సూది దిగలేదు. వెలుతురులో పెట్టి చూశాను. కన్నాల్లేవు. మధ్యలో సన్నటి గీత ఉంది.

డబ్బా మొత్తం బల్ల మీద బోర్లించాను. అలాంటి మాత్రలు ఇరవై మూడు దొరికాయి. పుల్ల నా కళ్ళముందే నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక కింద దాచుకున్నవి.

నాలుగు రోజులుగా అది సరిగా పడుకోవడం లేదు. నిన్న ఎదుటి గోడ దగ్గర ఎవడో నిలబడ్డాడని షట్టరు సగం దించేసింది. వేడికి చిరాకు పడుతోందనుకున్నాను. బల్ల మీద చూస్తే పెద్ద కత్తెర లేదు.

పుల్ల ఉన్న వెనక గదికి పరుగెత్తాను. లోపల గడియ వేసి ఉంది. గుడ్డ చిరుగుతున్న చప్పుడు.

"పుల్లా, తలుపు తియ్యమ్మా."

"వాడు వెళ్ళిపోయాడా?"

"అక్కడెవరూ లేరే!"

చప్పుడు ఆగింది. "అక్కా, ఒకటడుగుతాను. నా బట్టలు నువ్వే వదులు చేశావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కాని ఆ గొంతు విన్నాక చెప్పలేకపోయాను. "చేశాను."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"నా వెనకాల ఎవరో ఏదో చేస్తున్నారంటే జబ్బన్నారు. నువ్వు చేస్తూనే ఉన్నావు కదక్కా. వాడు లేడని నువ్వంటే నేనెలా నమ్మను?"

చెంప పగలగొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. సిగ్గుతో తలుపుకి ఆనుకుని అక్కడే కూలబడ్డాను. మెడలోని టేపు తీసి తలుపు కింది సందులోంచి తోశాను.

"నువ్వే కొలుచుకో. ఎంతుందో నువ్వే చెప్పు."

టేపు లోపలికి జారింది.

"నలభై ఒకటి," అంది. ఏడుస్తోంది. "నా ఒళ్ళు నాదిలా లేదక్కా."

"తెలుసమ్మా."

టేపు సందులోంచి బయటికొచ్చింది. "ఇప్పుడు నీది."

కొలుచుకున్నాను. "నలభై నాలుగు." నాలుక కరుచుకున్నాను. "కాదు. కడుపు లోపలికి పీల్చాను. నలభై ఆరు."

లోపల ఏడుపు మధ్యలో చిన్న నవ్వులాంటిది వినిపించింది. అక్కడినుంచే డాక్టరమ్మకి ఫోను చేసి స్పీకరు పెట్టాను. అన్నీ చెప్పాను. ఆవిడ నన్ను కడిగిపారేసింది.

"బరువు చూస్తానన్నది ఇందుకే కదమ్మా? మందు మార్చొచ్చు, తిండీ నడకా సరిచేయొచ్చు, షుగరు పరీక్ష చేయాలి. దారులున్నాయి. ఉన్నట్టుండి మానేయడం ఒక్కటే వద్దు. ఇప్పుడే తీసుకురండి."

గడియ తీసిన చప్పుడైంది. పుల్ల కత్తెర పిడి నా వైపు పెట్టి అందించింది. దాని వెనక నేలంతా విప్పేసిన డ్రెస్సులే. వేసుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు. నాది ఒకటి ఇచ్చాను. వదులుగానే పట్టింది.

గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"వాడున్నాడా?"

వీధిలోకి వెళ్ళి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి వచ్చాను. "ఎవరూ లేరు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వంగి చెప్పులు వేసుకుంది.