కామెంటు చదివి వచ్చిన మనిషి

కొందరికి నోటిదురద ఉంటుంది. నాది వేళ్లదురద. ఫోను చేతికి దొరికితే చాలు, ఎవరో ఒకరి బ్లాగు కింద ఏదో ఒకటి రాయందే నాకు తోచదు.

మాది తాళాల షాపు. మామయ్య నలభై ఏళ్లుగా తాళంచెవులు కోస్తున్నాడు. వీధి మొదట్లో పెద్ద హార్డ్‌వేర్ దుకాణం తెరిచాక మా గుమ్మం తొక్కేవాళ్లు తగ్గిపోయారు. మా ఆయనకు ఇనుమంటే పడదు, బస్సు డిపోలో ఉద్యోగం చూసుకున్నాడు. ఇక షాపుకి మిగిలింది మామయ్యా నేనూ. బోర్డుకి కొత్త రంగు వేయించాం. కరపత్రాలు పంచాం. అవి మర్నాడు వీధి చివర చెత్తబుట్టలో మాకే కనిపించాయి.

అప్పుడు పట్టుకున్నాను ఈ కిటుకు. ఇల్లు సర్దుకోవడం గురించి రాసే బ్లాగులు చదివి, వాటి కింద పనికొచ్చే మాట ఒకటి రాయడం. "బాగుంది", "సూపర్" లాంటివి కాదు. తాళం బిగుసుకుంటోందని ఎవరైనా మొత్తుకుంటే, నూనె పోయకండి, పెన్సిలు ముక్కు అరగదీసి ఆ పొడి వేయండని రాస్తాను. మా దగ్గర కొనమని ఒక్క ముక్క అనను. నా పేరు మీద నొక్కితే షాపు చిరునామా, ఫోను నంబరు వస్తాయి, అంతే. 

"ఊరి పెళ్లికి కుక్కల హడావుడిలాగా, ఎవరో రాసుకున్నదానికి నీ హడావుడేంటమ్మాయ్?" అని మామయ్య మొదట్లో వేళాకోళం చేశాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి అలా చదివినవాళ్లే ముప్పై మంది దాకా వచ్చారు. ఒక అపార్ట్‌మెంటు వాళ్లయితే తలుపులన్నిటికీ తాళాలు మాతోనే వేయించుకున్నారు. ఆ తర్వాత మామయ్య నోరెత్తితే ఒట్టు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైన బ్లాగు ఒకటుండేది. రాసేది ఒకమ్మాయి. తన పేరు గదిపిల్ల అని పెట్టుకుంది. ఒంటిగదిలో ఒక్కతే కాపురం. ఒక వారం కిటికీ తెర గురించి రాసేది, ఒక వారం తనే కొట్టుకున్న చెక్క అర గురించి. ఎక్కణ్ణుంచి వచ్చేసిందో, ఎవర్ని వదిలేసి వచ్చిందో రాయలేదు. కానీ "ఈ తలుపుకి గడియ లోపలే ఉంది, వేసేది నేనే" అని ఒకసారి రాసినప్పుడు చదివేవాళ్లందరికీ అర్థమైపోయింది. నన్ను "తాళాలక్కా" అని పిలిచేది. మొహం చూడని మనిషే అయినా నాకు చెల్లెలి లెక్క.

ఆ రోజు పొద్దున గదిపిల్ల కొత్త టపా పెట్టింది. తలుపుకి తనే నీలం రంగు వేసుకుందట. ఫొటోలో తలుపు ముందు చాచిన అరచెయ్యి, అందులో తాళంచెవి. నేను రంగు చూడలేదు. తాళంచెవి పళ్లు చూశాను. ఐదు పళ్లూ, ఎంతెంత లోతో, లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

"ఆ ఫొటో తీసేయమ్మా" అని నాలుగు మాటలు రాస్తే సరిపోయేది. నేను రాసింది ఇది: "ఫొటోలో మీ తాళంచెవి పళ్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. చెయ్యి తిరిగినవాడికి ఈ ఒక్క ఫొటో చాలు, అచ్చం ఇలాంటిదే కోసిపెట్టగలడు. మా మామయ్యయితే పావుగంటలో కోసేస్తాడు. తాళంచెవులతో జాగ్రత్త!"

పాత మనిషినని నా కామెంట్లు ఆపకుండా వెంటనే కనిపించేలా పెట్టుకుంది ఆ పిల్ల. గంటలో పదకొండు మంది మెచ్చుకున్నారు. "అబ్బో, ఇంత సంగతుందా" అని ఒకరు, "మీ షాపు ఎక్కడ" అని ఇంకొకరు. నేను అన్నం కూడా ఫోను చూస్తూనే తిన్నాను.

మధ్యాహ్నం రెండింటికి ఒకాయన లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మొహం. గుమ్మంలో బూట్లు తుడుచుకుని మరీ వచ్చాడు.

"మీ కామెంటు చదివే వచ్చాను మేడమ్," అన్నాడు.

ఇంకొకరు దొరికారని సంబరపడ్డాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది, కానీ ముందు కలిగింది సంబరమే.

ఫోను కౌంటరు మీద పెట్టి నావైపు తిప్పాడు. నీలం తలుపు. అరచెయ్యి. తాళంచెవి.

"మా ఆవిడది. ఇది ఒక్కటే ఉంది, అదీ తన దగ్గరే. నాకొకటి కావాలి."

"ఆవిణ్ణే తెమ్మనండి, ఐదు నిమిషాల పని," అన్నాను.

"తను తేదు." నవ్వాడు. "ఇల్లు తెలుసండీ. తలుపే తెరుచుకోదు."

లోపల ఆకురాయితో ఏదో అరగదీస్తున్న మామయ్య పని ఆపి బయటికి వచ్చాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు. "తాళమో, తాళంచెవో కళ్లతో చూడందే మేం కొయ్యం బాబూ. ఈ షాపు పెట్టిన రోజునుంచీ అదే పద్ధతి."

"కోస్తారని మీవాళ్లే రాశారు కదండీ. పోనీ, మీరు కాకపోతే ఇంకొకరు. చెయ్యి తిరిగినవాడికి ఫొటో ఒక్కటి చాలట."

నా మాటలే. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారినది పదిమంది చదివేచోట జారాను.

మామయ్య చెయ్యి చాపి ఫోను అందుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నేను రాసిందంతా మెల్లగా చదివాడు. చదివి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"మా కోడలు రాసిందంటే కొయ్యాల్సిందే," అన్నాడు. "ఆ ఫొటో నా ఫోనుకి పంపి కూర్చోండి. ఫొటో చూసి కొయ్యడమంటే టైం పడుతుంది."

నలభై ఏళ్ల పద్ధతి నా మూలాన గంగలో కలిసిందనుకున్నాను. లోపలికి వెళ్తున్న మామయ్య వెంట అడ్డుగోడ వెనక్కి పరుగెత్తాను. "మామయ్యా, వద్దు. ఆ పిల్ల వాణ్ణి వదిలేసి వచ్చింది."

"అది వాడి మొహంలోనే ఉంది," అన్నాడు గుసగుసగా. "కాదంటే పక్కవీధికి పోతాడు. అక్కడ తాళంచెవులు కోసే ఇద్దరికీ ఇలాంటివి రాసిపెట్టే కోడళ్లు లేరు గానీ, చేతులైతే ఉన్నాయి. ఇక్కడ కూర్చున్నంతసేపూ ఆ తలుపు దగ్గర ఉండడు కదా. నువ్వు ఆ పిల్లకి కబురు పెట్టు."

"ఎలా పెట్టను? పేరు తెలీదు, నంబరు తెలీదు."

"ఇన్నాళ్లూ ఎలా మాట్లాడావో అలాగే."

అంటే కామెంటు పెట్టడమే. పెడితే వాడికీ కనిపిస్తుంది. కౌంటరు దగ్గరికి వచ్చి రాశాను: "గదిపిల్లా, నువ్వడిగిన తలుపు బందుల సంగతి తెలిసింది. ఇప్పుడే షాపుకి ఫోన్ చెయ్యి. ఆలస్యమైతే ఆ రకం దొరకదు."

పంపానో లేదో, వాడి ఫోను టింగుమంది. 

"ఇప్పుడే ఇంకోటి పెట్టినట్టున్నారే?" అన్నాడు తలెత్తకుండానే.

"పెడతానండీ, రోజుకి పది. వ్యాపారం కదా."

"తలుపు బందులా?"

"బందులు, గడియలు, అన్నీ."

నమ్మాడో లేదో తెలియలేదు. నమ్మించడానికి ఇంకో నాలుగు బ్లాగుల మీద పడ్డాను. వాడు నా వేళ్లనే చూస్తున్నాడు. చెప్పుల అర గురించి రాసుకున్న ఒక పెద్దావిడకి పెన్సిలు పొడి వేయమని సలహా ఇచ్చాను. పాపం, ఏమనుకుందో. లోపల ఆకురాయి గరగరమంటోంది, ఆగుతోంది, మళ్లీ గరగరమంటోంది. అంత నిదానంగా మామయ్య పని చేయడం నేనెప్పుడూ వినలేదు. అరగంట గడిచింది. వాడు లేచి, అడ్డుగోడ పక్కన నిలబడి తొంగిచూడడం మొదలుపెట్టాడు.

ఇంకో పదినిమిషాలకు షాపు ఫోను మోగింది.

"తాళాలక్కా? నేను బందులెప్పుడు అడిగాను?" అవతల నవ్వు. ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

వీధి గుమ్మంలోకి జరిగి, వాడికి వీపు పెట్టాను. "నవ్వకమ్మా, విను. నీ తాళంచెవి ఫొటో పట్టుకుని ఒకడొచ్చాడు. అలాంటిది కోసివ్వమంటున్నాడు. మీ ఆయన్నని చెప్పాడు."

నవ్వు ఆగిపోయింది. "వాచీ కుడిచేతికి పెట్టుకున్నాడా?" అని అడిగింది.

తిరిగి చూశాను. "అవును. ఇల్లు కూడా తెలుసన్నాడు."

"తాళం మార్చాలి," అంది. అంతే అంది. ఏడవలేదు. చిరునామా చెప్పింది, ఆఫీసు నుంచి పదినిమిషాల్లో ఇంటికి చేరతానంది, దారిలో పోలీసులకు ఫోన్ చేస్తానంది.

కొత్త సిలిండర్, అంటే తాళంలో చెవి దూరే గొట్టం, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకున్నాను. "అమ్మాయ్, ఆ పెద్దాయన గడియ బిగించేసి రా," అని మామయ్య లోపల్నుంచి గట్టిగా అన్నాడు, ఏ పెద్దాయనా లేకపోయినా. వాడు నా సంచివైపు చూశాడు. తర్వాత మామయ్య చేతులవైపు తిరిగాడు.

మూడో అంతస్తులో గది. ఆ పిల్ల నేననుకున్నదానికంటే చిన్నగా ఉంది. పలకరింపులేమీ లేవు, తలుపు తీసి పట్టుకుంది. సిలిండర్ మార్చడం ఐదు నిమిషాల పని. తలుపు అంచున ఒక్క పొడుగు స్క్రూ ఉంటుంది, అది వస్తే అంతా వస్తుంది. కానీ తలుపుతోపాటు ఆ స్క్రూకీ రంగు పూసేసింది. గాడి నిండా నీలం రంగు గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్ జారిపోతోంది.

"పిన్నీసు ఉందా?" అన్నాను. ఇచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని గాడిలో రంగు గీకడం మొదలుపెట్టాను. తలుపు మూస్తే స్క్రూ అందదు. తీసే ఉండాలి. మూసి గడియ పెట్టుకుందామన్నా, రంగు కోసం ఊడదీసిన లోపలి గడియ ఇంకా బిగించనే లేదు.

అప్పుడు మామయ్య ఫోన్. "వెళ్లిపోయాడమ్మాయ్. చేతిలోంచి లాక్కుని మరీ పోయాడు."

"తప్పు కోసి ఉంటావు కదా మామయ్యా?"

"పక్కనే నిలబడి ఒక్కో పన్నూ ఫొటోతో పోల్చుకున్నాడు. తప్పు కొయ్యనిస్తేనా." గొంతు పెంచాడు. "అది తిరుగుతుంది. త్వరగా కానీ."

ఆ పిల్ల మెట్ల దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. రంగు పొరలు పొరలుగా ఊడుతోంది, లోపల ఇంకా ఉంది. వేలు చీరుకుపోయింది. మూడోసారి పట్టు దొరికింది. స్క్రూ కదిలింది. పాతది లాగేశాను, కొత్తది తోశాను, స్క్రూ బిగిస్తుంటే ఆ పిల్ల మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చేసింది. "వస్తున్నాడు," అంది.

లోపలికి వచ్చి తలుపు మూశాం. తాళం తిప్పాను. ఇద్దరం గోడకి ఆనుకున్నాం. 

అడుగులు వచ్చి ఆగాయి. తాళంచెవి లోపలికి పెట్టిన చప్పుడు. సగం దాకా వెళ్లి ఆగింది. తీశాడు, మళ్లీ పెట్టాడు. ఈసారి తలుపు మొత్తం కుదిపాడు. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

"మార్చేశావా?" అన్నాడు తలుపు అవతల్నుంచి. మెల్లగా, మర్యాదగానే అన్నాడు.

కింద ఎవరో గేటు తీశారు. ఇద్దరు ముగ్గురి గొంతులు వినిపించాయి. వాడు ఇంకాసేపు నిలబడి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. గేటు తీసింది పోలీసులే. మెట్ల మీదే ఎదురుపడి, జేబులో తాళంచెవితో సహా పట్టుకున్నారట. మాకు ఆ సంగతి వాళ్లు పైకొచ్చి చెబితే తెలిసింది. అడగాల్సినవి అడిగి, రాసుకుని, వాణ్ణి తీసుకుని వెళ్లిపోయారు.

గదిలో ఇద్దరమే మిగిలాం. కిటికీకి ఆ తెర, గోడకి ఆ చెక్క అర. అన్నీ నేను చదివినవే. ఆ పిల్ల నీళ్లిచ్చింది. తాగాను.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి," అంది. "ఆ కామెంటు రాసేటప్పుడు నా గురించి ఆలోచించారా?"

హెచ్చరిద్దామనే రాశానని చెప్పొచ్చు. చదివితే అలాగే ఉంటుంది కూడా. నోటిదాకా వచ్చింది. కానీ ఆ కళ్లలోకి చూస్తూ అనలేకపోయాను.

"లేదు," అన్నాను. "షాపు గురించి ఆలోచించాను."

తలూపింది. తిట్టలేదు. నాలుగు తిట్టినా నాకు బాగుండేది. మంచం అంచున కూర్చుని ఫోను తీసింది. మొట్టమొదటి టపా తెరిచి చదువుకుని, దాన్ని తీసేసింది. రెండోది తెరిచింది.

"అన్నీ ఒకేసారి తీసేయొచ్చమ్మా," అన్నాను.

"తెలుసు. చూసుకుని తీస్తాను."

పనిముట్ల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కిటికీ తెర పోయింది. చెక్క అర పోయింది. చివర్లో నీలం తలుపు వచ్చింది. దాన్ని తీసేముందు నా కామెంటు ఇంకోసారి మొత్తం చదివింది.