ఆత్మకూరు పెరట్లో ఐర్లండు

చెంచులక్ష్మవ్వ ముఖం కంచు చెంబు మీదా, చెరువు నీళ్ళలోనూ తప్ప ఇంకెక్కడా పడలేదు. ఆమె పడనివ్వలేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఉదయగిరి దుర్గం కింద ఆ పల్లెలో పెద్దవాళ్ళంతా అనుకునేదే. అవ్వ దగ్గరైతే దానికి రుజువు కూడా ఉంది.

"సిద్ధయ్య తీయించుకోలా? ఏడాది తిరక్కముందే పాయె."

"సిద్ధయ్య తాతకు అప్పటికే తొంభై దాటినాయి గదవ్వా."

"దాటితే ఏంది? నూరుదాకా ఉండాల్సినోడు."

మనవరాలు రోశమ్మ వాదన అక్కడితో వదిలేసింది. ఆమె అసలే తక్కువ మాట్లాడే పిల్ల. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు అది. ఉదయగిరి స్కూల్లో ఎనిమిదో తరగతి పాసైన రోశమ్మకు నెల్లూరు ట్రైనింగు స్కూల్లో సీటొచ్చింది. ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే ఒక్కటే వెలితి కనిపించింది. తనను కని పోయిన తల్లి ముఖం ఆమెకు తెలియదు. ఎవరినడిగినా "నీలాగే ఉండేది" అనేవాళ్ళు. చిన్నప్పుడు పక్కింటి అద్దం ముందు నిలబడి, ఆ ముఖంలోంచి తనను తీసేసి మిగిలినదాన్ని అమ్మ అనుకోవాలని చాలాసార్లు చూసింది. కుదరలేదు. పెంచి పెద్దచేసిన అవ్వ విషయంలో మళ్ళీ ఆ పని చేయడం ఆమెకు ఇష్టం లేదు. అవ్వ ఫోటో ఒక్కటి పెట్టె అడుగున ఉంటే ఎంత దూరమైనా పోగలదు.

ఆ మాట ఎత్తినప్పుడల్లా అవ్వ సిద్ధయ్యను లేపి కూర్చోబెట్టేది.

అట్లాంటి రోజుల్లో పక్కింటి కోటమ్మ ఆత్మకూరుకు పోయి ఒక ఫోటో తెచ్చింది. అందులో కోటమ్మ వెనక సముద్రం ఉంది. మైపాడు దగ్గర చాప పరిచినట్టుండే సముద్రం కాదు. మన దుర్గం కొండను నిలువునా కోసి నీళ్ళలో నిలబెట్టినట్టున్న గట్టు, కింద నురగ, పైన పచ్చిక. ఆ పచ్చికలో కోటమ్మ, గాలికి ఎగురుతున్న ఆమె కొంగు.

"యాడికి పొయ్యుంటివే?" అంది అవ్వ.

"ఐర్లండుకు."

"అదేడుండాది? కలిగిరికి అవతలా?"

"ఆత్మకూరు బస్టాండు ఎనకాల, సుందరయ్య పెరట్లో."

సుందరయ్య ఫోటోలు తీసేవాడు. అంతకు ముందు రాపూరు దగ్గర అభ్రకం గని నడిపే మలోనీ దొర ఇంట పనిచేశాడు. దొర దంపతులది ఐర్లండు. ఊరి మీద బెంగ పుట్టినప్పుడల్లా దొరసాని వరండాలో కూర్చుని తన ఊరిని పెద్ద పెద్ద పరదాల మీద రంగులతో వేసుకునేది. వేస్తూ ఒక్కో చోటు గురించీ సుందరయ్యకు చెప్పేది. గని అమ్ముకుని వెళ్ళిపోతూ ఆ పరదాలూ, దొర కెమెరా, దొర బూట్లూ సుందరయ్యకే ఇచ్చేశారు.

అవ్వ ఫోటోను కళ్ళకు ఆనించుకుంది.

"దీన్ని చూసినోళ్ళు నువ్వు ఐర్లండులో ఉండావనే అనుకుంటారా?"

"కలెక్టరైనా అట్టే అనుకుంటాడు," అంది కోటమ్మ.

మర్నాడు పొద్దున చద్దన్నం తింటూ అవ్వ ముద్ద మధ్యలో ఆపింది. "అమ్మే, నేను పటం తీయించుకుంటా. ఐర్లండులో."

రోశమ్మ చేతిలో మజ్జిగ ముంత ఒలికింది.

"ఆయుష్షు తగ్గించాలంటే యముడు మనిషిని పంపాల గదా," అని అవ్వ వివరించింది. "వాడు పటం చూసుకోని నేరుగా ఐర్లండుకు పోతాడు. సముద్రం గట్టంతా ఎతుకుతాడు. చెంచులక్ష్మి అనే మనిషి ఈడ లేదని చెప్పుకోని పోతాడు. అంతేగా?"

"అంతేనవ్వా," అంది రోశమ్మ. ఇంకొక్క మాట ఎక్కువైనా పని చెడుతుందని ఆమెకు తెలుసు.

వింజమూరు మీదుగా పోయే బస్సులో అవ్వ ముందు సీటు పట్టింది. ఎక్కడికని అడిగిన కండక్టరుకు ఐర్లండుకని చెప్పింది.

"దానికి టిక్కెట్టు లేదవ్వా. ఆత్మకూరుదాకా ఇస్తా, ఆడ్నించి నడిచి పో."

"దగ్గరేనంటలే," అంది అవ్వ.

సుందరయ్య పెరట్లో రాటలకు కట్టిన పరదాలు వరసగా వేలాడుతున్నాయి. పాదాలకు రెండింతలున్న దొర బూట్లు తొడుక్కుని, చేతిలో బెత్తం పట్టుకుని ఆయన ఎదురొచ్చాడు. వెనకనే భార్య వెంగమ్మ ఒక చేతిలో చేట, ఇంకో చేతిలో నీళ్ళ బక్కెట్టుతో వచ్చింది.

"ముందు దేశం చూడాల, ఆ తరవాతే ఫోటో," అన్నాడు సుందరయ్య. "చూడకుండా నిలబడితే ముఖంలో ఆత్మకూరే కనబడతది. నా ఎంట రాండి."

మొదటి పరదా మీద కొండల మధ్య ఒక చెరువు. చెరువు నిండా నీళ్ళు.

"ఇది ఏ నెల?" అంది అవ్వ.

"ఏ నెలైనా ఇంతే. ఆ దేశంలో వాన ఆగదు." ఆయన బెత్తం పైకెత్తగానే వెంగమ్మ వేపరెమ్మను బక్కెట్లో ముంచి వాళ్ళ మీద చిలకరించింది. అవ్వ మొహం తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

"ఆగదా? అయితే చెరువు ఎండిందనే మాటే లేదా?"

"దొరసాని ఎండిన చెరువు చూసింది రాపూరులోనే. చూసి ఏడిచింది."

"తెలీకపాయె నాయనా. తెలిసుంటే ఆడే పుట్టుందును," అంది అవ్వ.

రెండో పరదా మీద పూరిల్లు, రాళ్ళు పేర్చిన కంచెలు. పొయ్యిలో కట్టెలకు బదులు మట్టి మండిస్తారని సుందరయ్య చెప్పాడు. ఊబి నేలలో మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెడతారట. అక్కడి తిండి బంగాళాదుంపలేనంటూ వెంగమ్మ ఉడికించిన ఉర్లగడ్డలు ఉప్పు చల్లి చేతుల్లో పెట్టింది. మూడో పరదా మీద ఒంటరి ముళ్ళచెట్టు. దాని కింద దయ్యాలుంటాయని ఆ దేశంలో ఎవరూ దాన్ని నరకరట.

"మా కట్ట మీది తుమ్మచెట్టూ అంతే," అని అవ్వ ఉర్లగడ్డ మింగింది. "దీనికోసం అంతదూరం పోవాల్నా?"

"ఇంక డ్యాన్సు," అన్నాడు సుందరయ్య. చేతులు రెండూ పక్కలకు అతికించుకుని, నడుము కదపకుండా, దొర బూట్లతో నేలను దబదబ తన్నాడు. పైభాగం పోలీసు, కింది భాగం మేకపిల్ల.

"చేతులు కట్టేసినారా ఏంది?" అంది అవ్వ.

"ఆళ్ళ డ్యాన్సే అట్టుంటది. కాళ్ళకు మాత్రమే సంతోషం."

ఆ మాటకు అవ్వ కూడా చేతులు పక్కలకు పెట్టుకుని రెండుసార్లు ఎగిరి చూసింది. మూడోసారి చేతిలో మిగిలిన ఉర్లగడ్డ జారి పడింది. రోశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వను ఇట్లా చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఈ ముఖం, ఇదే ముఖం పెట్టెలోకి రావాలి.

చివరి పరదా సముద్రం గట్టు. దానికి ఎదురుగా మూడు కాళ్ళ మీద కెమెరా. పక్కన గుంజకు కట్టిన పొట్టేలు. కోడెదూడలా పొడుగ్గా, నున్నగా ఉండే మన నెల్లూరు పొట్టేలే. దాని ఒంటి నిండా గంజితో దూది అతికించి ఉంది.

"దీనికి జొరమా? దుప్పటి కప్పినారు," అంది అవ్వ.

"ఐర్లండు గొర్రెలకు బొచ్చు ఒత్తుగా ఉంటదవ్వా. నువ్వు పక్కన నిలబడు. దాని మొహం మాత్రం కెమెరా తట్టే ఉండాల. ఎనక్కి తిప్పొద్దు."

ఎందుకు తిప్పకూడదో ఆయన చెప్పలేదు. కొండ కింద జీవితమంతా గొర్రెలు కాశానని వచ్చీరాగానే చెప్పుకున్న మనిషికి పొట్టేలును ఎట్లా పట్టుకోవాలో చెప్పడం బాగుండదనుకున్నాడు. అవ్వ నాలుక అంగిట్లో టకటకలాడించి, చెవి వెనక గోకి, గడ్డం కింద నిమిరింది. పొట్టేలు హాయిగా కళ్ళు మూసుకుని, ఆమె చెయ్యి ఎటు పోతే అటు తల తిప్పుతూ పోయింది.

సుందరయ్య నల్లగుడ్డలో తల దూర్చాడు. వెంగమ్మ చేటతో గాలి విసిరింది. అవ్వ కొంగు ఎగిరింది. పొట్టేలు దూది కూడా కొంచెం ఎగిరింది.

"ఊపిరి బిగబట్టు. కదలద్దు," అన్న మాట గుడ్డలోంచి వచ్చింది.

అప్పుడు పొట్టేలు కళ్ళు తెరిచింది. తెరిచేసరికి దాని మొహం పరదా వైపు ఉంది. పరదాలో పచ్చిక మీద, దొరసాని ఎంతో ప్రేమగా వేసిన కొమ్ముల పొట్టేలు నిలబడి సూటిగా దీన్నే చూస్తోంది.

మన పొట్టేలు ఒక అడుగు వెనక్కి వేసింది. తల వంచింది. గుంజ ఊడొచ్చింది. దూది పింజలు నలుదిక్కులా లేచాయి. మరుక్షణం అది గట్టునూ, సముద్రాన్నీ, ఎదటి పొట్టేలునూ చీల్చుకుంటూ అవతలికి పోయింది. వెంగమ్మ చేట పట్టుకుని అదే కంతలోంచి దాని వెంట పడింది. అవ్వ నోరంతా తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే సుందరయ్య చేతిలోని, ఫోటో తీసే రబ్బరు బుడ్డి నొక్కుకుపోయింది.

సముద్రం మధ్యలో మనిషంత కంత. అందులోంచి ఆత్మకూరు బస్టాండు, టీ కొట్టు, ఊరి పేరు రాసిన బోర్డు కనిపిస్తున్నాయి. టీ గ్లాసులతో నిలబడ్డవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

"ఏం సుందరయ్యా, ఐర్లండుకు రోడ్డేసినావే," అన్నాడొకడు.

అవ్వ నవ్వు మెల్లగా ఆగింది. బోర్డు వైపు చూసింది.

"పటం పడిందా అబ్బయా?"

"పడింది."

"బోర్డు?"

సుందరయ్య తల గోక్కున్నాడు. "అదీ పడుంటది, గాజు పలక మీద."

"అయితే పగలగొట్టు."

"ఇంకో పరదా ముందర తీస్తానవ్వా."

"వద్దు. యముడి మనిషికి నా జాడ బయటపడిపొయ్యె. ఇంక తీయద్దు. అది పగలగొట్టు." బోర్డు వైపు కనబడకుండా అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కోవడం రోశమ్మ చూసింది.

సుందరయ్య రోశమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఖాళీ గాజు పలక ఒకటి పగలగొట్టి చూపిస్తా పాపా. ఇది దాచిపెట్టి నెల్లూరుకు పంపిస్తా. అవ్వకు ఎట్టా తెలుస్తది?"

రోశమ్మ పెట్టె ఆమె కళ్ళ ముందు కదిలింది. అడుగున పరిచిన పాత పేపరు, దాని మీద ఫోటో పెట్టాలనుకున్న చోటు. అవ్వకు ఏ నాటికీ తెలియదు. కానీ ఆ ఫోటో చూసినప్పుడల్లా నవ్వే అవ్వ కాదు, ఇప్పుడు కొంగు చాటున దాక్కున్న ఈ ముఖమే కనబడుతుంది.

"వద్దన్నా," అంది. అవ్వ దగ్గరకు వెళ్ళి ఆమె చేతిని పట్టుకుంది. "నీ చేత్తో నువ్వే పగలగొట్టవ్వా. కానీ ఫోటో కడిగినాక చూసి పగలగొట్టు. చూడకుండా పగలగొడితే పడిందో లేదో తెలీక రేపు నాతో పోట్లాడతావు."

అవ్వ ఆలోచించి ఒప్పుకుంది. గుడ్డిగా పని చేయడం ఆమెకూ నచ్చదు.

సుందరయ్య చీకటి గదిలోకి పోయాడు. వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చున్నారు. రోశమ్మ ఒళ్ళో దూది పింజలు ఏరుకుంది. చాలాసేపటికి ఆయన నీళ్ళు కారుతున్న గాజు పలకను అంచులు పట్టుకుని తెచ్చి, ఎండకు ఎత్తి చూపించాడు.

అవ్వ చూసింది. గాజులో ఒక పిల్ల నవ్వుతోంది. నిగనిగలాడే నల్లటి జుట్టు. మల్లెపువ్వంత తెల్లటి ముఖం. వక్కాకు ఎన్నడూ నమలనట్టు మెరిసే పళ్ళు. వెనక నల్లటి ఆకాశం.

"ఎవురీ పిల్ల?"

"నువ్వేనవ్వా," అంది రోశమ్మ.

అవ్వ తన జుట్టు ముందుకు లాక్కుని చూసుకుంది. తెల్లగానే ఉంది. మళ్ళీ గాజులోకి చూసింది. వేలితో తాకబోతే సుందరయ్య పలకను వెనక్కి లాక్కున్నాడు.

"తడిగా ఉండాది, చెరిగిపోతది. గాజు మీద అంతా తిరగబడి పడతదవ్వా. తెలుపు నలుపైతది, నలుపు తెలుపైతది."

అవ్వకు ఆ మాట చెవికెక్కలేదు. "మీ తాత నన్ను చూసేదానికి వచ్చిననాడు ఇట్టనే ఉండాను," అంది నెమ్మదిగా. "నవ్వకూడదని మా అమ్మ చెప్పినా నవ్వినాను. ఆయుష్షు తగ్గిస్తదని కదా అనిరి. ఇది తగ్గించిందా, ఎనక్కిచ్చిందా?"

"పగలగొడతావా మరి?" అంది రోశమ్మ.

"నీకు బుద్ధుండాదా? పెండ్లీడు పిల్లను పగలగొట్టమంటావే."

సుందరయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పలేని మనిషేమీ కాదు గానీ, ఇక్కడ నిజం చెప్పక తప్పదనిపించింది. "కాగితం మీద అచ్చేస్తే మళ్ళీ తిరగబడతదవ్వా. తెల్లజుట్టే వస్తది. బోర్డు మీది పేరు కూడా తెలుస్తది."

అవ్వ రోశమ్మను చూసింది. ఆ పిల్ల కళ్ళు గాజు పలక మీదే ఉన్నాయి. అడగకుండానే అవ్వకు అర్థమైంది.

"అయితే కాగితం మీది ముసిల్దాన్ని నువ్వు తీసకపో," అంది. "గాజులో పిల్లను నేను పెట్టుకుంటా. యముడి మనిషొచ్చినా ఈ పిల్లను చూసి ముసిల్ది ఈడ లేదని పోతాడు."

అప్పుడే కంతలోంచి దూదిలేని పొట్టేలు, దాన్ని తాడుతో లాగుతూ వెంగమ్మ లోపలికి వచ్చారు. వాళ్ళ వెనక టీ కొట్టు జనం. అవ్వ సుందరయ్య మోచెయ్యి పట్టుకుని, పలకతో సహా ఆయన్ని కంత దగ్గరకు నడిపించింది.

"ఎండకు పట్టుకో నాయనా," అంది. "వీళ్ళనీ చూడనీ."