నాలుగు ఒడుల సేపు

పొద్దుటి నుంచి ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి, మధ్యాహ్నం రెండింటికి పిలిచారు రెబ్కాని. నిన్నటి మిరపకోత మంట చేతుల్లోంచి ఇంకా పోలేదు. చచ్చిపోయిన చెల్లెలు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటే భగ్గుమన్నాయి. తనివితీరా ఏడవడానిక్కూడా నోచుకోని చేతులు!

గదిలో ముగ్గురు డాక్టర్లు. దెబ్బలు తగిలి పోయినవాళ్ళు వేళకి తెచ్చుంటే బతికేవాళ్ళా కాదా అని నెలకోసారి కూర్చుని తేలుస్తారు. ఇవాళ చెల్లెలు మహిమ వంతు. బస్తాల కోసం చేలోకి వెనక్కొచ్చిన ట్రాక్టరు ట్రక్కు కింద తొడ నలిగి చనిపోయింది. ఆ చేను ఆసామి నాగేంద్రబాబు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పది నిమిషాలు కూడా కాలేదండి. కారెక్కించేలోపే పోయింది."

డాక్టరు హెలెన్ రెబ్కా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఎంతసేపు చేలో ఉంచారు?"

"నాలుగు ఒడులు పట్టిందమ్మా."

"చూశారా, టైము చెప్పడం కూడా రాదు దీనికి" నవ్వాడు నాగేంద్రబాబు.

"సెల్లులు మేస్త్రి సంచిలో పెట్టిస్తివి గదయ్యా, ఇంకేం చూసి చెప్పేది? నడుముకి కట్టిన ఒడి నిండా కోసి కుప్పలో పోస్తామమ్మా. 108 వద్దు, పోలీసులొస్తారు, నా కారొస్తంది, అందాకా కోత ఆపొద్దన్నాడీయన. నేనూ సరేనన్నా. పసుపద్ది దాని తల కాడ కూచున్నా. పక్క సాలు కోసే పున్నమ్మ నాలుగుసార్లు కుప్పలో పోసిపోయింది. మూడోసారి దాకా చెల్లి మాట్లాడతానే ఉంది. 'అక్కా, నా సాలు ఎవరు కోస్తన్నారే?' అంది."

"ఒక ఒడికి ఎంతసేపు?"

"ఆయన్నే అడగండి. అరగంటకి నిండకపోతే గట్టు మీంచి కేకలేసేది ఆయనేగా!"

నాగేంద్రబాబు నవ్వు ఆగిపోయింది.

"రెండు గంటలు" అంది హెలెన్ మెల్లగా. "తొడ పైన ఓ బట్ట బిగించి వెంటనే తెచ్చుంటే బతికేదమ్మా."

బట్టకేం కరువు? ఆ చేలో ముప్పైమంది ఆడాళ్ళ నడుములకీ బట్టలే.

పెద్ద డాక్టరు రాసింది చదివాడు: "నివారించదగిన మరణం. కారణం, బంధువులు ఆలస్యంగా తీసుకురావడం. సంతకం పెట్టమ్మా."

"బంధువంటే నేనేగదయ్యా?"

"అలాగే రాస్తామమ్మా. ఫారంలో అంతకంటే వేరే గడి లేదు."

"పెట్టెయ్యవే" అన్నాడు నాగేంద్రబాబు. "రేపు చేలోకి రావద్దా?"

"నా తప్పు నాకుందిలే, అది నేను మోస్తా. 108 రాకుండా ఆపినోళ్ళ పేరు గూడా రాయండి, పెడతా."

పెన్ను ఆమె ముందుకు జరిపారు. రెబ్కా ముట్టుకోలేదు. తర్వాతి పేరు పిలవబోయిన బంట్రోతు, ఆమె కదలకపోవడం చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.