పది జేబుల పట్టీ

ఆమెకు అన్నిటికన్నా భయం కూతురి గొంతు నొప్పి. జ్వరానికీ దెబ్బకీ అంతగా బెదరదు. పాప గుటక వేస్తూ ముఖం చిట్లించిందంటే మాత్రం వెంటనే నోరు తెరిపించి చూస్తుంది.

మిషను ముందు కూర్చుని, యూనిఫాం చొక్కాల కాలర్లు ఒకదాని వెనక ఒకటి సూది కిందికి తోస్తూ ఇప్పుడూ ఆ గొంతునే తలుచుకుంటోంది. నిన్న టార్చిలైటు వేసి చూస్తే ఎర్రగా వాచి, మధ్యమధ్య చీము మచ్చలు. పని వదిలేసి పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. డాక్టరమ్మ పది రోజులకు బిళ్లలిచ్చి, తగ్గినా ఆపొద్దని చెప్పింది. ఆ మాట ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

చిన్నప్పుడు ఆమెకూ ఇలాంటి గొంతు నొప్పే వచ్చింది. జ్వరం దిగగానే, మళ్లీ పనికొస్తాయని తల్లి మిగిలిన బిళ్లలు చీర మడతల్లో దాచింది. కొన్ని వారాలకు మోకాళ్లు వాచాయి. వాపు అక్కడ తగ్గి మోచేతులకు, మణికట్లకు పాకింది. బడికి నడవలేక చదువు ఆగిపోయింది. కీళ్లు బాగుపడ్డాయి గాని గుండెలో కవాటం పాడైంది. ఆ సంగతి పాప కడుపులో ఉన్నప్పుడు గాని బయటపడలేదు. చిన్నప్పుడు మందు సగంలో ఆపినందుకే, సరిగ్గా మూసుకోని తలుపులా తయారైందమ్మా అని డాక్టరమ్మ అంది. మళ్లీ గొంతు నొప్పి రాకుండా, గుండె ఇంకా చెడకుండా మూడు వారాలకోసారి తుంటికి ఇంజెక్షన్ వేయించుకోమంది.

దానితోనే చిక్కు. వేయించుకున్న మర్నాడు కాలు పట్టేస్తుంది, మిషను తొక్కలేదు. చూస్తే బడులు తెరిచే రోజులు. కటింగ్ మాస్టరు గుట్టలు గుట్టలు తెచ్చి పడేస్తున్నాడు. ఈ ఆర్డరు అయ్యాక వేయించుకుందాంలే అనుకుంది. కిందటిసారీ అలాగే అనుకుంది. కొన్నాళ్లుగా పడుకుంటే ఊపిరాడక, గోడకు చేరగిలబడి నిద్రపోతోంది.

భర్త లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో ఉండేది అత్త. మనిషి మంచిదే. కానీ ఏ మందునూ చివరిదాకా వేయనివ్వదు. జ్వరం దిగాక మందెందుకు, పసిదాని కడుపు పాడవదూ అంటుంది. మిగిలినవి డబ్బాలో దాస్తుంది.

అందుకే నిన్న ఆస్పత్రి నుంచి తిరిగి కుట్టుషాపుకొచ్చాక, మిగిలిన నీలం గుడ్డతో ఒక పొడవాటి పట్టీ కుట్టింది. దానికి వరసగా పది జేబులు, ఒక్కో దానిలో ఒక రోజు బిళ్లలు. మూతికి పచ్చికుట్టు. దారం కొస లాగితే ఊడొస్తుంది, లాగని జేబు గుమ్మంలోంచే కనిపిస్తుంది.

పక్కన గుండీలు కుట్టే అక్క తొంగి చూసింది.

"ఏ దొంగకే ఇన్ని జేబులు?"

"దొంగకి కాదక్కా. మా అత్తకి తాళం."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ పొద్దున పట్టీని మేకుకు తగిలించి, పాప చేత మొదటి దారం లాగించింది. దారం సర్రున వచ్చేసరికి పిల్ల కిలకిల నవ్వి, రోజూ నేనే లాగుతానంది.

"జ్వరం దిగినా లాగాలి. నానమ్మ వద్దన్నా లాగాలి. నేనింట్లో లేకపోయినా లాగాలి. సరేనా?"

పాప తలూపింది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. గిన్నె మూసేసి మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఎండ కిటికీ దాటేసరికి నుదురు మిషను మీద ఆనించింది. మాస్టరు పిలవబోతే గుండీలక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"కాసేపు పడుకోనివ్వండి మాస్టారూ. రాత్రంతా పిల్లతో మేలుకుంది."

ఆయన చప్పుడు చేయకుండా ఆమె ముందున్న గుట్టలోంచి సగం తీసి పక్క మిషను మీద వేశాడు. టీ వచ్చాక గుండీలక్క లేపడానికి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి చల్లగా ఉంది. సూది ఒక కాలరు మధ్యలో దిగి ఉంది.

ఆమె ఇల్లు బట్టల దుకాణాల వెనక సందులో, మెట్ల కింది గది. మనుషులు వస్తూ పోతూ ఉంటారు కనుక తలుపు తీసే ఉంటుంది. పాపకు జ్వరం దిగింది, గొంతు నొప్పి లేదంటోంది. అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది, మందు మాట ఎవరికీ గుర్తులేదు. మీకు ఈ ఒకటి రెండు రోజుల్లో అటు పనిపడితే పరామర్శకు వచ్చామని చెప్పి లోపలికి వెళ్లండి. ఆ పిల్లను ఒక్కసారి చూడండి. తర్వాత గోడకేసి చూడండి. మేకుకు నీలం పట్టీ వేలాడుతుంటుంది. మొదటి జేబు ఖాళీ. రెండో జేబు మూతి మీద తెల్లదారం కొస, వేలితో పట్టుకోవడానికి వీలుగా ఆమె వదిలిన పొడవంతా, అలాగే ఉంది.